నాలుగో సీలు

ఆగస్టు 4, సోమవారం

మోహనకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆమె చదువంతా ఇక్కడే, గుడియాత్తంలో, తమిళ బడిలో. నేను చిత్తూరులో మేనమామ ఇంట్లో ఉండి పదో తరగతి దాకా తెలుగులో చదివాను. కాబట్టి ఈ నోటుబుక్కు మంచం మీద పడేసి పోయినా నా భార్యకు ఇందులో ఏముందో తెలియదు. దాచుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఈ ఇంట్లో లేదు.

శుక్రవారం స్పేర్ పార్టులకని చెప్పి వేలూరు పోయి, ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ నా కుడిచేతిని బల్ల మీద పెట్టించి చాలాసేపు ఊరికే చూసింది. బొటనవేలికి చూపుడువేలు తాటించమంది. గది ఈ మూల నుంచి ఆ మూలకు నడవమంది. కాగితం మీద ఒక వాక్యం రాయించి, మొదటి అక్షరం కంటే చివరి అక్షరం సగానికి సగం చిన్నదైపోయింది, చూసుకున్నారా అని అడిగింది. పెన్ను మంచిది కాదన్నాను. ఆమె నవ్వలేదు. ఇంగ్లీషులో ఒక జబ్బు పేరు చెప్పి మాత్రలు రాసిచ్చింది. ఆ పేరు ఇక్కడ రాయను. మాత్రలు కొనలేదు.

వణికేది కుడిచేయి ఒక్కటే. అదీ ఊరికే కూర్చున్నప్పుడే. స్పానర్ పట్టుకుంటే ఆగిపోతుంది. నలభై ఏళ్ళుగా గేర్ బాక్సులు విప్పి కట్టిన చేయి, అలిసిపోయి ఉంటుంది. మనిషన్నాక అలిసిపోడా?

ఈ రోజు లత్తేరిలో ఉండే దేవరాజులన్న తన అంబాసిడర్ నా షెడ్డుకు పంపించాడు. అరవై అయిదో సంవత్సరం బండి. ఆయన పుట్టిన ఏడాదే వాళ్ళ నాయన కొన్నాడు. వచ్చే నెల పన్నెండో తేదీ తిరువలం గుడిలో ఆయనకూ కాంతమ్మ వదినకూ షష్టిపూర్తి, మా వైపు అరవయ్యో పెండ్లి అంటాం. పోతే ఆ కారులోనే పోతాడట. కింద నూనె కారుతోంది. "దేవేంద్రా, ఇది నీ చేతికి తప్ప ఇంకెవురి చేతికీ లొంగదప్పా" అన్నాడు ఫోనులో.

నా చేతికి. సరే, అట్లాగే కానీ. ఒక పందెం వేసుకున్నాను, ఇక్కడ రాసి పెడుతున్నాను. ఈ లీకు నా చేత్తో ఆగితే నా చేతికి ఏ జబ్బూ లేనట్టే. ఆగిన రోజు డాక్టరమ్మ చీటీ చింపి పారేస్తాను.

ఆగస్టు 5

కారేది ఏ నూనో ముందు తేల్చుకోవాలి. ఇంజను నూనె పలుచగా నల్లగా ఉంటుంది. గేరు నూనె చిక్కగా ఉండి, కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. బండి కింద దుమ్ము పట్టి రెండూ ఒకే రంగుకు వచ్చి కూర్చున్నాయి, ఇక ముక్కే దిక్కు. వేలితో తీసి వాసన చూశాను. ఏమీ రాలేదు. ఇంకోసారి చూశాను. మంచినీళ్ళు వాసన చూసినట్టుంది.

జలుబు చేసినట్టుంది.

మధ్యాహ్నం మోహన అన్నానికి పిలవడానికి షెడ్డు గడప దాకా వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. గుడ్డు కుళ్ళిందా ఏంది, ఇంత కంపు అంది. అయితే గేర్ బాక్సే. నేను ముందే కనిపెట్టినట్టు తల ఊపాను.

ఆగస్టు 7

గేర్ బాక్సు మొత్తం కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, దాని మీద ముగ్గుపిండి చల్లాను. ఇది నాకు పని నేర్పిన పాపన్ మేస్త్రి చెప్పిన పద్ధతి. నూనె ఎక్కడ మొదలైతే తెల్లటి పిండి మీద అక్కడి నుంచి తడి గీత పడుతుంది. కారును పళ్ళికొండ దాకా తోలుకొని పోయి వచ్చి, షెడ్డులో బండి కిందికి దిగే గుంతలోకి దిగి చూశాను. గీత వెనక నుంచి మొదలైంది. గేర్ బాక్సు నుంచి వెనక చక్రాలకు పోయే పొడుగాటి షాఫ్టు ఒకటి ఉంటుంది. అది గేర్ బాక్సులో దూరే చోట నూనె బయటికి రాకుండా ఒక రబ్బరు సీలు ఉంటుంది, చంటిబిడ్డ చేతి మురుగంత. అది పోయింది.

అంతటితో అయిందా? గేర్ బాక్సు నెత్తిన గాలి ఆడటానికి ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. కుమ్మరి పురుగు అందులో మట్టితో గూడు కట్టి పెట్టింది. వేడికి లోపల గాలి ఉబ్బి, పోయే దారి లేక, నూనెను సీలు గుండా తోసేసింది. ఈ మాట ఈ ఊళ్ళో ఇంకెవడైనా కనిపెట్టగలడా? గూడు తీసేసి, గుంత మెట్టు మీద కూర్చొని టీ తాగాను. చాలా రోజులకు సంతోషంగా ఉంది. చేయి వణికిందో లేదో నేను చూడలేదు.

ఆగస్టు 8

వేలూరులో నందకుమార్ అంగడికి పోయాను. పాత అంబాసిడర్ సామాను దొరికేది ఇక అతని దగ్గరే. ఆ కొలత సీళ్ళు ఒకే ప్యాకెట్టులో నాలుగు మిగిలాయి. ఒకటి చాలు. నాలుగూ తీసుకున్నాను. ఎన్ని బండ్లు తెచ్చిపెట్టుకున్నావన్నా అని నవ్వాడు. ఉండనీలే అన్నాను.

ఆసుపత్రి ముందు నుంచే బస్సు పోయింది. అటు చూడలేదు.

ఆగస్టు 11

సీలు వేయడం చెప్పుకోవడానికి చిన్న పని. షాఫ్టు దూరే చోట సీలుకని ఒక గూడు ఉంటుంది, అందులో నాలుగు పక్కలా సమంగా కూర్చోవాలి. ఒక పక్క వెంట్రుకవాసి ఎత్తు నిలిచినా చెడినట్టే. తర్వాత షాఫ్టును దాని నడుమ దూర్చాలి. షాఫ్టు బరువు, సీలు లోపలి అంచు, దాన్ని పెదవి అంటాం, పలుచన. దూర్చేటప్పుడు చేయి ఇటో అటో జరిగితే పెదవి కోసుకుపోతుంది. కోసుకుపోయిన సంగతి బయటికి తెలియదు, నూనె కారినప్పుడే తెలుస్తుంది.

ఒకప్పుడు గంటలో ముగించి చేతులు కడుక్కునేవాణ్ణి. ఈ రోజు ఎనిమిదికి గుంతలో దిగి నాలుగుకు ఎక్కాను. నా దగ్గర పదేళ్ళు పనిచేసిన మారి ఎండాకాలంలో శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీకి పోయాడు. సాయం పట్టేవాళ్ళు లేరు, అందుకే ఆలస్యం.

సీలు బాగా కూర్చుంది. బాగానే కూర్చుంది.

ఆగస్టు 12

కారు కింద పరిచిన తెల్ల అట్ట మీద ఒక్క చుక్క. ఒక్కటే.

ఆగస్టు 13

ఏడు చుక్కలు. ఎక్కడో అంటుకున్న పాత నూనె అయి ఉంటుంది. అది కారి పోవాలి కదా.

ఆగస్టు 14

అట్ట తడిసిపోయింది.

ఆగస్టు 17, ఆదివారం

మోహన నా చొక్కాలన్నిటికీ గుండీలు తీసేసి, నొక్కితే పడే బటన్లు కుట్టింది. ఇప్పుడు అందరూ ఇవే వేసుకుంటున్నారట. నెల కిందట లేసుల బూట్లు అటక మీద పెట్టి, దూర్చుకొనే చెప్పులు తెచ్చింది. పాత బూట్లలో ఎలుక దూరిందట.

మోహనకు ఏమీ తెలియదు.

ఆగస్టు 18

సీలు విప్పి చూశాను. పెదవి మీద కింది వైపు చిన్న కోత, గోటి ముక్కంత. రబ్బరు పాతది, ఎండిపోయి ఉంటుంది. నందకుమార్‌కు ఫోను చేసి నోటికి వచ్చినట్టు తిట్టాను. కుళ్ళిన సరుకు అంటగట్టావన్నాను, ముప్పై ఏళ్ళ స్నేహానికి ఇదా మర్యాద అన్నాను. అతను గొంతు పెంచకుండా, అదే ప్యాకెట్టు సీళ్ళు ఆంబూరులో ఇద్దరు వేసుకున్నారు, ఏ ఫిర్యాదూ రాలేదు అన్నాడు. ఫోను పెట్టేశాను.

పాపన్ మేస్త్రి అనేవాడు, ఒకసారికి ఒక్కటే మార్చి చూడు, అప్పుడే తప్పు ఎక్కడుందో దొరుకుతుంది అని. నేను ఈసారి సీలు మాత్రమే మార్చాను. మిగతావన్నీ ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి.

గుంతలో ఉండగా కుడిచేయి ఒకసారి తనంతట తానే ఎగిరింది. షాఫ్టు బరువుకు.

ఆగస్టు 20

కారుతోంది.

ఆగస్టు 22

మా నాయన మగ్గాలతో పాటు నూలుకు రంగు వేసే తొట్టి కూడా పెట్టుకున్నాడు. తొట్టి కొళాయి కారితే నూలు పోగులు గట్టిగా చుట్టి బిగించేవాడు. ఆ కొళాయి ఆయన పోయేదాకా కారలేదు. నేత ఇంట్లో పుట్టి మగ్గం మీద ఒక్క రోజు కూడా కూర్చోని నాకు ఇన్నేళ్ళ తర్వాత ఆయన పని గుర్తుకు వచ్చింది. ఇప్పుడు ఇంట్లో మోహన నేసే మగ్గం కింద పడి ఉన్న నూలు తెచ్చి, గ్రీజులో ముంచి, గూటి అంచుకు వరుసగా చుట్టి, దాని మీద మూడో సీలు వేశాను. ఇక పోయే దారి లేదు. సీలు మోసం చేసినా నూలు పట్టుకుంటుంది.

ఇది చాలా తెలివైన పని. ఇంత తెలివిగా ఆలోచించే బుర్రకు జబ్బు ఉంటుందా?

ఆగస్టు 25

మూడు రోజుల్లో అంతకు ముందు వారం కారినంత కారింది. మోహన గుంత అంచున వంగి, వేలాడుతున్న నూలు కొస చూసింది. దాని చివర నూనె బొట్లు బొట్లుగా దిగుతోంది.

"దీపానికి వత్తి ఏసినట్ల ఏసినావు" అంది. "నూలు నూనెను లాగుతాదని తెల్దా నీకు? నేతోళ్ళ ఇంట్లో పుట్టినావు గదా."

ఆమె ఎగతాళి చేయలేదు. చేసి ఉంటే బాగుండేది. పదేళ్ళ పిల్లకు తెలిసిన సంగతి అది. తొట్టిలో నీళ్ళు, నీళ్ళకు నూలు ఉబ్బి పట్టుకుంటుంది. నూనెకు అదే దారి చూపిస్తుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆగస్టు 26

మూడు సీళ్ళూ బల్ల మీద వరుసగా పెట్టి భూతద్దంతో చూశాను. మూడింటికీ కోత ఒకే చోట ఉంది. కింద, కుడి పక్కన. షాఫ్టు కొనలో గరుకు ఉందేమోనని అద్దం పెట్టి చూశాను, వేళ్ళతో తడిమాను, ఎడమ చేత్తో కూడా తడిమాను. ఏమీ లేదు, గాజులాగా నున్నగా ఉంది. షాఫ్టు దూర్చేటప్పుడు కుడిచేయి పట్టుకునేది ఆ పక్కనే.

ఇంకేం రాయను.

ఆగస్టు 27

వినాయక చవితి. మోహన కుడుములు చేసింది. తిన్నానని చెప్పాను.

ఆగస్టు 29

దేవరాజులన్న ఫోను చేశాడు. కారుకు వేసే మల్లెపూల దండ కూడా చెప్పి పెట్టాడట. బండి అయిపోయిందా అంటే అయిపోయింది, ఒకసారి తోలి చూసుకోవాలి, అంతే అన్నాను. నోట్లోంచి అబద్ధం ఎంత సులువుగా వస్తుందో. నోటికి ఏ వణుకూ లేదు.

నిన్నటి నుంచి షెడ్డు తలుపు తీయలేదు. ఊరికే కూర్చుంటే చేయి ఆడుతుంది. దాని మీద ఎడమ చేయి వేసుకొని కూర్చుంటాను. నాకు యాభై ఆరేళ్ళు. మా నాయన మగ్గం మీద కూర్చోమంటే కూర్చోలేదు. ఒకే చోట కూర్చొని పడుగూ పేకా అంటూ బతకడం నాకు చేత కాదని, పదహారేళ్ళకు పాపన్ మేస్త్రి దగ్గర చేరాను. అందరూ పాడైందని వదిలేసిన గేర్ బాక్సును కళ్ళు మూసుకొని చేత్తో తడిమి తప్పు పట్టేవాణ్ణి. ఒడుగత్తూరు నుంచి, ఆంబూరు నుంచి, చిత్తూరు నుంచి బండ్లు తెచ్చేవాళ్ళు. దేవేంద్రన్ చేయి అనేవాళ్ళు. దేవేంద్రన్ అని ఎవరూ అనలేదు, దేవేంద్రన్ చేయి అనే అన్నారు. చేయి పోతే మిగిలేవాడికి ఏం పేరు పెడతారో నాకు తెలియదు.

బతకాలని లేదు అని రాయబోయాను. రాశాను కదా, సరే. అది నిజం కాదు, బతకాలనే ఉంది. ఇట్లా బతకాలని లేదు.

సెప్టెంబరు 2

మధ్యాహ్నం మగ్గం చప్పుడు ఆగింది. మోహన షెడ్డులోకి వచ్చి గుంత మెట్టు మీద, నా పక్కన కూర్చుంది. ఎన్ని దినాలని ఇట్లా కూర్చుంటావని అడిగింది. సీళ్ళు మంచివి కావన్నాను. ఆమె బల్ల మీది మూడు సీళ్ళ వైపు చూసింది. తర్వాత నా చేయి వైపు చూసింది. నేను చేయి జేబులో పెట్టుకున్నాను.

"ఎందుకు దాచేది?" అంది. "మాసి నెల నుండి, శివరాత్రి కాడి నుండి జూస్తా ఉండా. టీవీ ముందర కూచుంటే నీ బొటనేలు ఒక్కటే ఆడతా ఉంటాది. నిద్రపోతే ఆగిపోతాది. నేను లేచి జూసినా. వేలూరుకు స్పేర్ పార్టులకని పోయినావే, ఆ దినం చేతిలో ఆసుపత్రి సంచి పెట్టుకోనే వచ్చినావు."

ఆ సంచి నాకు గుర్తే లేదు.

కోపం తెచ్చుకున్నాను. నీకేం తెలుసు పో అన్నాను. ఆమె కదల్లేదు. ఇంకా ఒక సీలు ఉంది కదా అంది. మగ్గం మీద తెగిన పోగులు ఈ ఇంట్లో ఎవరు అతుకుతున్నారు అంది. ఎట్లా వేయాలో నువ్వు చెప్పు, వేసేది నేను వేస్తాను అంది.

"ఇది మగ్గం గాదు" అని అరిచాను.

"మగ్గం అయితే నిన్నడిగే పనేముండాది" అంది. "నేనే చేసుకుంటా ఉంటి."

ఆమె లేచి పోయింది. కాసేపటికి మగ్గం చప్పుడు మళ్ళీ మొదలైంది. నేను చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను.

సెప్టెంబరు 4

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున మోహన చీర కుచ్చిళ్ళు పైకి దోపుకొని, నా పాత చొక్కా వేసుకొని గుంతలోకి దిగింది. ఏది ఏమిటని ఒక్కొక్కటీ అడిగింది. నేను చెప్పాను. పేర్లు గుర్తు పెట్టుకోలేదు, చూపుడువేలితో తాకి ఇది, అది అంది. నూలు పీచు ఒక్కటి కూడా మిగలకుండా గూడు తుడిచింది. అందుకు ఎంతసేపు పట్టిందో, నేను విసుక్కున్నాను. పడుగులో ఒక్క పోగు తప్పు పడితే కింద దాకా కనపడుతుంది, ఉండు అంది.

సీలు గూట్లో పెట్టి, మీద కొయ్య చెక్క ఆనించి, చిన్నగా చుట్టూ తట్టింది. ప్రతి తట్టుకూ ఆగి వేలి కొనతో అంచు తడిమింది. ఎక్కడ ఎత్తు ఉందో నేను చెప్పక ముందే తనే అక్కడ తట్టింది. తర్వాత చిటికెన వేలితో పెదవి లోపల గ్రీజు రాసింది. ఇప్పుడు షాఫ్టు. నేను వెనక కొన పట్టుకున్నాను, బరువు నా భుజం మీద పెట్టుకున్నాను. ముందు కొన ఆమె పట్టుకుంది. తొయ్యి అన్నాను. తొయ్యలేదు. పోగును వేళ్ళ మధ్య మెలిపెట్టినట్టు షాఫ్టును కొంచెం కొంచెం తిప్పుతూ, కళ్ళు ఎటో పెట్టుకొని, లోపలికి పోనిచ్చింది.

అప్పటికి టార్చి నా కుడిచేతిలో ఉంది. వెలుగు గేర్ బాక్సు మీద నిలవకుండా అటూ ఇటూ ఊగుతోంది. నేను చూస్తూనే ఉన్నాను, ఆపలేకపోయాను.

"లైటు కింద పెట్టేయి" అంది మోహన, తల తిప్పకుండానే. "నాకు అక్కరలే."

టార్చి నేల మీద పెట్టాను. షాఫ్టు దూరి కూర్చున్న చప్పుడు వచ్చింది. అంతా కలిపి నలభై నిమిషాలు. నట్లు బిగించింది కూడా ఆమే. నేను నూనె పోశాను. కొంచెం ఒలికింది, ఆమె తుడిచింది.

సెప్టెంబరు 5

అట్ట పొడిగా ఉంది.

సెప్టెంబరు 6

ముగ్గుపిండి చల్లి ఒడుగత్తూరు దాకా తోలుకొని పోయి వచ్చాను. గుంతలో దిగి, అద్దం పెట్టి చూశాను. పిండి తెల్లగా, చల్లినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఎక్కడైనా ఒక్క గీత కనపడుతుందేమోనని చాలాసేపు వెతికాను. ఏం మనిషిని నేను, కారాలని కోరుకున్నాను.

సెప్టెంబరు 7, ఆదివారం

పొడిగానే ఉంది.

అవే సీళ్ళు, ఒకే ప్యాకెట్టువి. అదే షాఫ్టు, అదే నూనె, అదే గుంత. పురుగు గూడు మొదటి రోజే తీసేశాను. మారింది ఒక్కటే. పాపన్ మేస్త్రి చెప్పిన లెక్క ప్రకారం తప్పు దొరికింది. ఇంతకాలం నేను బండికి పరీక్ష చేస్తున్నాను అనుకున్నాను. ఇంత బాగా, ఇంత పద్ధతిగా ఏ డాక్టరూ చేసి ఉండరు.

నాకు పార్కిన్సన్ జబ్బు. ఇదిగో, రాశాను. రాసేసరికి అక్షరాలు ఆవగింజలంత అయ్యాయి. పెన్ను మంచిదే.

చాలాసేపు ఏడ్చాను. బండి బాగైనందుకు ఏడ్చిన మేస్త్రి ఇంకెక్కడా ఉండడు.

సెప్టెంబరు 12

తిరువలం. కారును నేనే తోలాను, స్టీరింగు పట్టుకుంటే చేయి నిలకడగానే ఉంటుంది. పోనూ రానూ ఒక్క చుక్క పడలేదు. ముహూర్తం అయ్యాక దేవరాజులన్న బంధువులందరినీ గుడి బయటికి పిలిచాడు. బండి కింద ఒక తెల్ల పంచె పరిపించి, చూడండి అన్నాడు. అందరూ వంగి చూశారు. కాంతమ్మ వదిన కూడా చూసింది. దేవరాజులన్న నా మెడలో శాలువ వేసి, "మా నాయన బండిని నిలబెట్టినాడు, ఈ చేయి రొంబ పెద్ద చేయి" అని, నా చేయి పట్టుకోబోయాడు. నేను రెండు చేతులూ శాలువ కిందికి పోనిచ్చి దండం పెట్టినట్టు వంగాను.

మోహన ఆడవాళ్ళ వరుసలో నిలబడి ఉంది. నేను ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పడానికి చాలా సమయం ఉండింది. ఫోటోలు తీశారు, చందనం ఇచ్చారు, పలకరించినవాళ్ళు పదిమంది ఉన్నారు. చెప్పలేదు.

ఇంటికి వచ్చాక ఆమె శాలువ మడిచి అలమరలో పెట్టింది. మంచి శాలువ అంది. అంతే.

సెప్టెంబరు 13

రోజంతా మగ్గం చప్పుడు. అన్నం పెట్టింది. మామూలుగానే మాట్లాడింది.

నాకు నా మీద అసహ్యంగా ఉంది.

సెప్టెంబరు 15, సోమవారం

పొద్దున మోహనతో, లత్తేరి పోయి దేవరాజులన్నకు చెప్పి వస్తాను అన్నాను. ఏం చెప్తావని అడగలేదు. ఇస్త్రీ చొక్కా తీసి ఇచ్చింది.

దేవరాజులన్న వరండాలో కూర్చొని పెండ్లి ఫోటోలు చూస్తున్నాడు. నేను కుడిచేయి జేబులో పెట్టుకొనే ఎదుటి కుర్చీలో కూర్చున్నాను. సీలు వేసింది నేను కాదన్నా, మోహన వేసింది, శాలువ ఆమెది అన్నాను. ఆయన విరగబడి నవ్వాడు. పెండ్లాం మీద అంత ప్రేమ ఉంటే ఆమెకు ఒక పట్టుచీర పెడతాలే అన్నాడు. ఆడమనిషి గేర్ బాక్సు గుంతలోకి దిగిందంటే ఎవరు నమ్ముతారప్పా అన్నాడు. ఒడుగత్తూరులో తన బావమరిది దగ్గర పాత జీపు ఉందట. గేర్లు పడటం లేదట. నీ చేతికే ఇవ్వమని చెప్పినా, రేపో ఎల్లుండో వస్తుంది అన్నాడు.

అవుననడానికి నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. అంత నమ్మకంగా నవ్వే మనిషి ముందు అవునని రావడం చాలా సులువు.

కుడిచేయి జేబులోంచి తీసి, ఫోటోల పక్కన, బల్ల మీద పెట్టాను. ఎడమ చేయి దాని మీద వేయలేదు. అది మొదలుపెట్టింది. బల్ల మీది గాజు పలక టకటకమంది.

ఆయన నవ్వు ఆగింది. ఫోటో చేతిలోనే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళుగా నాయనా?" అన్నాడు.

ఏడు నెలలు అని చెప్పాను. మూడు సీళ్ళు నేను కోసిన సంగతి చెప్పాను. నాలుగోది మోహన ఎట్లా తిప్పి దూర్చిందో, టార్చి ఎందుకు కింద పెట్టమన్నదో, అన్నీ చెప్పాను. ఆయన మళ్ళీ నమ్మనని అనలేదు. జీపు మాట ఎత్తలేదు. లోపలికి తిరిగి, వంట చేసే తంగమ్మను కాఫీ తెమ్మన్నాడు. ఆమె వెనక్కి తిరిగి పోతుంటే ఇంకోసారి పిలిచాడు.

"దేవేంద్రకు సగం గ్లాసే పొయ్యమ్మా" అన్నాడు గొంతు తగ్గించి.

ఆయన మంచివాడు. కాఫీ ఒలికి నాకు ఇబ్బంది కాకూడదనే అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో నాకు కాఫీ అంచుల దాకా నురుగు పోసి ఇచ్చారు. ఈ రోజు సగం వచ్చింది. రెండు చేతులతో పట్టుకొని తాగాను.